బొంతకు మాటలొచ్చిన వేసవి

మొన్న వేసవిలో మా మనవరాలు బీరువా మీది ఇనప్పెట్టె దింపించి, అడుగునున్న బొంతను బయటికి లాగి, దులిపి, వరసగా నాలుగు తుమ్ములు తుమ్మి, తాతయ్యా ఇది నాకు కావాలి అన్నప్పుడు, కప్పుకోవడానికి అడుగుతోంది కాబోలనుకుని మురిసిపోయాను. మే నెలలో చిలకలూరిపేటలో బొంత కప్పుకుంటానన్న మనిషిని చూసి మురిసిపోకూడదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి అన్న సంగతి కాసేపాగి తట్టింది. నాకు ఏదైనా కాసేపాగే తడుతుంది. ఈ బొంత విషయంలో మాత్రం ఆ కాసేపు యాభై ఏళ్ల పైచిలుకు పట్టింది. ఆ ముచ్చట చెబుదామనే ఇలా కూర్చున్నాను.

పిల్ల ఇంజనీరింగు మూడో ఏడు చదువుతోంది. కాలేజీలో ఏదో ప్రాజెక్టు చెయ్యాలట. బొంతను పరిచి ఫోను దాని మీద పట్టుకుంటే, ఏ ముక్క మీద పట్టుకుంటే ఆ ముక్క తెరలో తలుపులా పైకి లేచి, దాని వెనక ఒక ఫొటో కనబడి, దాని కథ అదే చెప్పేటట్టు చేస్తుందట. దాన్ని ఏఆర్ అంటారట. ఏఆర్ అంటే మన ఈడు వాళ్లకి తెలిసింది ఒక్కటే, ఎన్నికలకీ తిరునాళ్లకీ లారీల్లోంచి దిగే ఏఆర్ పోలీసులు. బొంతకి బందోబస్తు ఎందుకే అని అడిగాను. అది ఓపిగ్గా, ఆగ్మెంటెడ్ రియాలిటీ తాతయ్యా, ఉన్నదాని మీద లేనిది చూపించడం అని చెప్పింది. ఉన్నదాని మీద లేనిది చూపించడమా, ఆ విద్య నేను పనిచేసిన పత్తి జిన్నింగు మిల్లుకొచ్చే దళారులకి ఎప్పటినుంచో తెలుసు, గోనె బోరెంలో పైన తెల్లటి పొడి పత్తి, కింద తడిసిన పత్తి, వాళ్లకి ఫోను కూడా అక్కర్లేదు అన్నాను. అది నవ్వలేదు. ఈ కాలం పిల్లలు నా చమత్కారాలకి నవ్వరు, మరుసటి రోజు వాటినే స్నేహితులకి చెప్పి నవ్విస్తారు.

ఇంట్లో ఇన్ని వస్తువులుండగా బొంతే ఎందుకంటే, దానికి కారణం పొన్నూరులో ఉంది. మా చెల్లెలు. పత్తి చేల మధ్య పుట్టి వరి చేల మధ్యకి మెట్టింది. మా మనవలందరికీ పొన్నూరు అమ్మమ్మ. ఆవిడ కళ్లకి నీటికాసులు, గ్లాకోమా అంటారే అది. గుంటూరు పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరుగారు పోయిన చూపు ఇక రాదనీ, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ, బహుశా ఈ ఏడు దాటకపోవచ్చనీ అన్నారు. చుట్టూ ఉన్నదంతా చీకటైపోయి, నడిమధ్య మాత్రం చేతి గాజులోంచి చూసినట్టు కాస్త మేర కనబడుతుంది ఆవిడకి. ఆ గాజంత వెలుగు ఉండగానే ఆవిడ కుట్టిన బొంతను ఆవిడకే మరోసారి ముక్క ముక్కా చూపించాలని పిల్ల తొందర. ప్రాజెక్టు ఒక వంకే. అది ఆ మాట చెప్పాక నేను ఇక వేళాకోళం మానేశాను. ఒక పూట మానేశాను.

బొంత సంగతి మీకు నేను చెప్పాలా? మిరప కోతలు అయిపోయి, కల్లాలు ఖాళీ అయి, పత్తికట్టె పీకి వంటచెరుక్కి మోపులు కట్టేశాక, రోహిణి ఎండల ముందు ఆడవాళ్లకి చేతులు ఆడించడానికి ఏమీ లేని రోజులు కొన్ని వచ్చేవి. చేతులకి తీరిక దొరికితే దాన్ని కూడా పనిగా మార్చడం మన అమ్మలకే చెల్లింది. వసారాలో చాప వేసి, దాని మీద పాత పంచెలూ చీరలూ పొరలు పొరలుగా పరిచి, గాలికి లేవకుండా ఒక మూల రోకలి, ఒక మూల పొత్రం, మిగిలిన రెండు మూలలా మాలాంటి పనిలేని పిల్లల్ని కూర్చోబెట్టి, పొడుగు సూదితో బారుకుట్లు వేసుకుంటూ పోయేవాళ్లు. దానికొక ధర్మం ఉంది. చివికిన బట్ట లోపలికి, గట్టి బట్ట పైకి. ఇంట్లో మనుషులకి కూడా అదే ధర్మం అని మా అమ్మ అనేది. లోపల చివికినవాళ్లు ఉంటేనే పైన వెచ్చదనం అని నాకు అర్థం కావడానికి నేను కూడా కాస్త చివకాల్సొచ్చింది.

గంతకు తగ్గ బొంత అంటారు గానీ, నాకు అమరిన బొంత నా తాహతుకి మించింది. పదో తరగతి పాసై గుంటూరు కాలేజీలో ఇంటర్ చేరబోతున్న ఏడు, ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్లో కుట్టింది అది. కుట్టింది మా అమ్మ కాదు. అంతకు ముందు మాఘంలో మిరప కల్లంలో జారిపడి అమ్మ కుడిచెయ్యి విరిగింది. కట్టు కట్టినవాడు అటూ ఇటూగా కట్టడంతో చెయ్యి అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది, బిందె ఎత్తలేదు, సూది పట్టలేదు. అందుకని అమ్మ గోడకి ఆనుకుని ఎక్కడ ఏ ముక్క రావాలో చెబుతుంటే, పదమూడు నిండిన మా చెల్లెలు కుట్టింది. అమ్మకి చెయ్యాసరా కావాలని దాన్ని ఆ వేసవిలోనే బడి మాన్పించారు. ఎనిమిదో తరగతి పరీక్షలు రాసింది, తొమ్మిదిలోకి వెళ్లలేదు. ఆ రోజుల్లో అది వింతగా ఎవరికీ అనిపించలేదు, నాకు మొదలే అనిపించలేదు. నా లెక్కల పుస్తకంలో కష్టమైన లెక్కలు, నాకంటే రెండు తరగతులు చిన్నదైన అదే చేసిపెట్టేదన్నది కూడా అప్పుడు గుర్తు రాలేదు. బొంత కుడుతున్న పది రోజుల్లో నేను దాన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే, ఎప్పటికవుతుందే అని.

హాస్టలుకి మిగతా కుర్రాళ్లు పక్కబట్టలు చుట్టే తోలు పట్టీల హోల్డాళ్లతో దిగితే నేను బొంతను పత్తి తాడుతో కట్టి నెత్తిన పెట్టుకుని దిగాను. మొదటి సాయంత్రానికే నాకు బొంత మహారాజు అని పేరు పడింది. బిరుదు వచ్చాక దర్బారు చెయ్యకపోతే బాగుండదు కదా, నేను మంచం మీద బొంత పరిచి ఒక్కో ముక్కకీ కథ చెప్పడం మొదలుపెట్టాను. ఈ పసుపుపచ్చది మా అమ్మ పెళ్లినాటి చీర, ఈ గళ్లది మా నాయనమ్మ కాశీ నుంచి తెచ్చుకున్న తువ్వాలు, ఈ చారలది నేను చెట్టు మీంచి పడ్డ నాటి నిక్కరు. వాటి నడుమ, సరిగ్గా గుండెల మీదికి వచ్చే చోట, జానెడుకి మించిన నీలం ముక్క ఒకటి. వెలిసిన నీలం, దానికడ్డంగా రెండు వేళ్ల వెడల్పున వెలవని ముదురు నీలం చార. అది మా నాన్న గుంటూరు యార్డుకి మిరపకాయలు తోలుకొచ్చేటప్పుడు వేసుకునే చొక్కా అనీ, భుజం మీద ఎప్పుడూ కండువా ఉండేది కాబట్టి ఆ మేర ఎండ తగలక రంగు నిలిచిపోయిందనీ చెప్పేవాణ్ణి. ఈ వివరం విన్నవాళ్లు ఆ చారని వేలితో తడిమి తలూపేవాళ్లు. ఆ జనవరిలో చలి ముదిరాక, నన్ను అందరికంటే ఎక్కువ వెక్కిరించినవాడే ఒరేయ్ మహారాజా, నీ రాజ్యంలో కాస్త చోటివ్వరా అంటూ నా బొంతలో దూరాడు. నాన్న చొక్కా వైపు పడుకుంటానని పేచీ కూడా పెట్టాడు.

చదువు ఎంతవరకు రావాలో అంతవరకే వచ్చి ఆగింది. నేను చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి సెలెక్టరుగా చేరాను. పేరు చూసి పెద్ద ఉద్యోగం అనుకునేరు. వచ్చిన పత్తిలోంచి చిటికెడు తీసి, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగి, పీచు ఎంత పొడుగుందో, ఎంత గట్టిగా ఉందో చెప్పడం, అంతే. ముప్పై నాలుగేళ్లు దూది లాగి బతికాను. కళ్లు మూసుకుని ముట్టుకున్నా ఏ నేల పత్తో, ఎన్నో ఏరుడుదో చెప్పేవాణ్ణి. ఆ గీర నాకు ఇప్పటికీ ఉంది. మా ఆవిడ మాత్రం ఊళ్లోవాళ్ల దూదంతా తెలుసు, ఇంట్లో దిండు గలీబులు ఏ అరలో ఉంటాయో తెలీదు అని నా వేలిని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఆవిడ మాటలో ఎంత నిజముందో ఈ వేసవికి గానీ తేలలేదు.

సరే, ఫోను దగ్గరికొస్తాను. పిల్ల బొంతను వరండాలో పరిచి ముక్క ముక్కకీ ఫొటో తీసుకుంది, పాత ఆల్బములు ముందేసుకుంది, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, ఒక్కో ముక్కకీ నలభై సెకన్లలో కథ చెప్పాలంది. నలభై సెకన్లలో నేను గొంతు కూడా సవరించుకోలేను. అమ్మ పెళ్లి చీర గురించి మొదలుపెట్టి, ఆ చీర నేసిన ఊరు, ఆ ఊరికి అప్పట్లో ఉన్న దారి, ఆ దారిలో బండి ఇరుసు విరగడం దాకా వచ్చేసరికి పదకొండు నిమిషాలయింది, ఇంకా పెళ్లి జరగలేదు. అది నా కథల్ని కత్తిరించింది. మొదట బాధపడ్డాను గానీ, కత్తిరించకుండా బొంత ఎలా అవుతుంది అని సర్దుకున్నాను.

యంత్రానికి కూడా దాని అవకరాలు దానికున్నాయి. పూలూ గళ్లూ ఉన్న ముక్కల్ని ఇట్టే పోల్చుకుంటుంది, ఏ గుర్తూ లేని సాదా ముక్క మీద పెడితే తెల్లమొహం వేస్తుంది. ఒకసారి ఫోను జారి నా వైపు తిరిగేసరికి, నా గళ్ల లుంగీని చూసి ఇది మా నాయనమ్మ కాశీ నుంచి తెచ్చుకున్న తువ్వాలు అని నా గొంతుతోనే గంభీరంగా చెప్పింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, అమ్మయ్య, ఆ లుంగీ మార్చమని నేను చెబితే వినరు, ఇప్పుడు అదే చెబుతోంది అంది. ఏకై వచ్చి మేకవడం అంటే ఇదే. నీలం ముక్క దగ్గర కూడా ఫోను తడబడుతుందేమోనని పిల్ల భయపడింది గానీ, మా చెల్లెలు ఆ ఒక్క ముక్క మీద మాత్రం తెల్లదారంతో కుట్లు బాగా దగ్గర దగ్గరగా, రూళ్ల కాయితంలా వేసింది. ఆ కుట్లను బట్టి ఫోను దాన్ని మొదటిసారే పట్టేసింది. అంత శ్రద్ధగా ఎందుకు కుట్టిందో నేను అప్పుడూ ఆలోచించలేదు. నాన్న చొక్కా గదా అనుకున్నాను. ఆ కథ మాత్రం సరిగ్గా ముప్పై తొమ్మిది సెకన్లలో చెప్పాను, ఎన్నోసార్లు చెప్పిందే కాబట్టి. చివర్లో నా గొంతు కాస్త వణికింది కూడా. పిల్ల కళ్లు తుడుచుకుని, తాతయ్యా, అన్నిట్లోకీ ఇదే బాగా వచ్చింది అంది.

మా చెల్లెలు ఆదివారం పొద్దున వచ్చింది. కొడుకు కారులో దింపి వెళ్లాడు. చేతిలో సున్నుండల డబ్బా, కళ్లకి నల్లద్దాలు, గుమ్మం మెట్టు దగ్గర మాత్రం పాదంతో ముందు నేలని అడిగి తరవాత అడుగు వేసింది. కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"ఏం అన్నయ్యా, బొంతకి కూడా మాటలు నేర్పావంట?"

"నేను నేర్పలేదే. దానంతటదే చెబుతుంది, విను."

"ఈ ఇంట్లో నువ్వుండగా ఇంకోళ్లు మాట్లాడే సందు కూడా దొరికిందే" అంది. మా ఆవిడ ఆ మాటకి సున్నుండల డబ్బా అందుకుంటూ, ఇన్నాళ్లకి నా తరఫున ఒక మనిషి దొరికింది వదినా అంది.

పిల్ల ఆవిడ పక్కన కూర్చుని, ఫోనుని ఆవిడ కళ్లకి ఎంత దూరంలో పడితే ఆ గాజులోకి తెర మొత్తం వస్తుందో చూసి, బొంత మీద నెమ్మదిగా జరపడం మొదలుపెట్టింది. పసుపుపచ్చ ముక్క లేచింది, దాని వెనకనుంచి పెళ్లిపీటల మీద అమ్మ. మా చెల్లెలు, అమ్మ అప్పుడు ఇంత సన్నగా ఉండేదా అంది. తువ్వాలు లేచింది, నా నిక్కరు లేచింది, చెట్టు మీంచి పడ్డది కాదు, ఆ చెట్టు కింద జామకాయలు దొంగిలిస్తూ దొరికిపోయి పరిగెడితే చిరిగింది, నాకు బాగా గుర్తు అని సరిదిద్దింది. నేనూ నవ్వాను. మనసులో మాత్రం నీలం ముక్క ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. పద్యం బాగా వచ్చిన పిల్లవాడు తన వంతు కోసం చూసినట్టు.

వచ్చింది. నాన్న ఫొటో లేచింది, నా గొంతు నీలం చొక్కా గురించీ, యార్డు గురించీ, కండువా గురించీ చెప్పి, వణకాల్సిన చోట వణికి ఆగింది. మా చెల్లెలు, ఇంకోసారి పెట్టవే అంది. పిల్ల పెట్టింది. రెండోసారి విన్నాక ఫోను తిరిగి ఇచ్చేసి, నల్లద్దాలు తీసి పక్కన పెట్టి, బొంతను ఒళ్లోకి లాక్కుంది. కళ్లు మూసుకుంది. వేళ్లు ముక్క నుంచి ముక్కకి నడిచి, నీలం ముక్క దగ్గర ఆగాయి.

"అన్నయ్యా, నాన్నకి నీలం చొక్కా ఎప్పుడుంది? పోయేదాకా తెలుపేగా."

నేను ఏదో అనబోయాను. యార్డుకి వెళ్లేటప్పుడు అనబోయాను. యార్డుకి వెళ్లేటప్పుడు కూడా నాన్న ఒంటి మీద మోచేతుల దగ్గర మిరప మరకలున్న ఆ తెల్లచొక్కాయే, అది తప్ప నాకు ఇంకేం కనబడలేదు.

"నీ చెయ్యి ఇటివ్వు. దూది చూసే వేలు ఏది?"

ఇచ్చాను. నా బొటనవేలిని పట్టుకుని ఆ ముదురు చార అంచు వెంట జరిపింది. మొదట ఏమీ తగల్లేదు. అక్కడ కాదు, ఇంకాస్త కిందకి, గోరుతో చూడు అంది. అప్పుడు తగిలింది. చారకి అటు ఒక వరస, ఇటు ఒక వరస, ఆవగింజల్లో సగం ఉండే కన్నాలు, ఎప్పుడో వేసి ఊడదీసిన కుట్లవి.

"చొక్కాకి టక్కు ఎవరు పెడతారు అన్నయ్యా?"

టక్కు అంటే మన ఇళ్లల్లో ఆడపిల్లల్ని పెంచినవాళ్లకి తెలుసు. పిల్ల పొడుగు సాగుతుంది కదా అని పరికిణీని పొడుగ్గా కుట్టించి, అడుగున ఒక మడత లోపలికి మడిచి కుట్టేస్తారు, ఏడాదో రెండేళ్లో గడిచాక కుట్టు విప్పితే పొడుగు కలిసొస్తుంది. మడతలో ఉన్న మేర ఎండ తగలదు, ఉతుకు తగలదు, రంగు నిలిచిపోతుంది. ముప్పై నాలుగేళ్లు పీచు చూసి పత్తి జాతకం చెప్పిన మనిషిని, గుండెల మీద కప్పుకున్న బట్ట మీది ఆ గీతని కండువా నీడ అనుకున్నాను.

"ఇస్కూలు పరికిణీ ఇది" అంది మా చెల్లెలు, పిల్ల వైపు తిరిగి, ఏదో ఊరి పేరు చెబుతున్నంత మామూలుగా. "ఎనిమిదిలో చేరినప్పుడు కొత్తది కుట్టించాడు నాన్న. పది దాకా రావాలని టక్కు పెట్టించాడు. ఇంట్లో ఉన్న బట్టల్లోకెల్లా అదే గట్టిది. గట్టి బట్ట పైకి రావాలి గదా, అమ్మ అడగలేకపోతోంది. నేనే టక్కు విప్పి, కత్తెర పెట్టా."

 రోడ్డు మీద పత్తి బేళ్ల లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదే అని అడిగాను. నా గొంతు ఈసారి నిజంగానే వణికింది, ఏ ఫోనూ దాన్ని పట్టుకోలేదు.

"నువ్వు అడగలేదుగా. అయినా చెప్పేదేముంది, కప్పుకున్నావు, పాసయ్యావు. బొంత చేసే పని బొంత చేసింది."

ఆ కథ తీసెయ్యవే, ఇప్పుడే తీసెయ్యి అని పిల్లతో అన్నాను. నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. నిజం చెప్పాలంటే, ఆ చొక్కా కథ నేను ఎప్పుడు అల్లానో, ఎప్పుడు నమ్మడం మొదలుపెట్టానో నాకే తెలియదు. హాస్టల్లో నా పక్క మంచం కుర్రాడి తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని జీపులో వచ్చిన ఆదివారమే అయుండాలి. నాన్నకి ఒక మంచి చొక్కా ఉంటే బాగుండును అనిపించి, కుట్టించే స్తోమత లేక, చెల్లెలి పరికిణీతో కుట్టేసి ఉంటాను. టక్కు పెట్టించింది నాన్న, టక్కు చేసింది నేను.

మా చెల్లెలు పిల్ల చేతిని పట్టుకుని ఆపింది.

"తియ్యకే. నాన్నకి నీలం చొక్కా ఒకటి ఉంటే ఎంత బావుండేవాడో. మీ తాతయ్య కుట్టించాడు, ఉండనీ."

మా చెల్లెలు తియ్యనివ్వలేదు. అయితే నువ్వు కూడా చెప్పు అమ్మమ్మా, ముందు తాతయ్యది వస్తుంది, తరవాత నీది వస్తుంది అని పిల్ల పట్టుబట్టింది. నాకేం మాట్లాడటం వచ్చే, మాటలన్నీ మీ తాతయ్య పాలికే వచ్చాయి అని తప్పించుకోబోయింది. పిల్ల వదల్లేదు. కథేం వద్దు, ఆ పరికిణీ వేసుకున్నప్పటిది నీకు ఏది గుర్తుంటే అది చెప్పు అంది. మా చెల్లెలు పైట సర్దుకుంది. వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. తరవాత వచ్చిన గొంతు అరవై దాటిన మనిషిది కాదు, అది నాకు తెలిసిన గొంతే, పొద్దున్నే సద్దన్నం తిని నా వెనకాల పుస్తకాలు ఎత్తుకుని నడిచిన గొంతు.

"ఎనిమిదో తరగతి, బి సెక్షను, నంబరు పదిహేడు. ప్రెజెంట్ సార్."

ఇంకా ఏమైనా చెబుతుందేమో అని పిల్ల ఫోను పట్టుకునే ఉంది. అంతే, అయిపోయింది అంది మా చెల్లెలు. నలభై సెకన్లు చాలవని నేను నసిగాను. ఆవిడకి పది కూడా ఎక్కువయ్యాయి.

ప్రాజెక్టు కాలేజీలో చూపిస్తే మెచ్చుకున్నారట. ఇప్పుడు మా బంధువుల పిల్లలు ఎవరొచ్చినా బొంత దింపమంటారు, ఫోను పట్టుకుని చుట్టూ తిరుగుతారు, అందరూ నీలం ముక్క దగ్గర రెండుసార్లు ఆగుతారు. మొన్న దసరాకి పొన్నూరు వెళ్లాను. మా చెల్లెలి కళ్లల్లో ఆ గాజంత మేర కూడా మసకబారింది, వెలుగూ నీడా తప్ప తెలియడం లేదు. పిల్ల చూపించాలనుకున్నది సమయానికే చూపించింది. నేను మాత్రం అరవై ఏళ్లు పక్కనున్నదాన్ని, ఆవిడ కళ్లు మూసుకున్నాక గానీ చూడలేకపోయాను. మీ బొంతలు ఏ పెట్టెల్లో ఉన్నాయో, వాటి మీద మీరు ఏ చొక్కాలు కుట్టి చెబుతున్నారో నాకు తెలియదు. కుట్టినవాళ్లు ఉన్నారా, ఉంటే ఒకసారి వాళ్ల ఒళ్లో వేసి అడగండి. నా వేలంత అనుభవం ఉన్న వేళ్లు కూడా మోసపోతాయి.

ఇప్పుడు బొంతలు ఎవరు కుడతారు. కుట్టాలన్నా పాత బట్ట ఏదీ? మన నేల పత్తి బేళ్లకెక్కి ఎక్కడికో పోతోంది, ఎక్కడివో పాలిస్టరు చీరలు మన ఇళ్లకొస్తున్నాయి, అవి చివకవు, వెలవవు, సూదికి లొంగవు. వెలవని బట్ట మీద ఏ గుర్తు మిగులుతుంది? పిల్లలకి ఏ ఏటికా ఏడు సరిపోయే బట్టలు కొంటున్నాం, పెరుగుతారని మడత వేసి ఉంచే పని లేదు. మంచిదే. మా మనవరాలిని మాత్రం ఎవరూ ఏ తరగతిలోనూ ఆపరు, అంతకంటే ఏం కావాలి. అయినా ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను పెట్టె దింపుకుంటాను. ఫోను పెట్టను. ఆ ముదురు చార వెంట బొటనవేలు నెమ్మదిగా జరుపుతాను. వెలవలేదు, పలచబడలేదు, ఇప్పటికీ ముక్కంతట్లోకీ అదే గట్టిగా ఉంది. ఆ మడతలో ఇంకా రెండేళ్ల బట్ట ఉంది.